గేటు బాసు

శనివారం మధ్యాహ్నం గ్లెనిస్ వంటగదిలో ఉడికిన బీట్‌రూట్ చక్రాల్లా తరుగుతుంటే, పెరట్లో సిమెంటు మీద ఏదో గరగరమని ఈడ్చిన చప్పుడు వినబడింది. మొగుడు నోయెల్ బీరుడబ్బాల ఐస్‌పెట్టెను నీడకు లాక్కుంటున్నాడు కాబోలు అనుకుంది. దాని చక్రాలు అరిగిపోయి ఏడాదైంది. కొత్తది కొనమంటే వినడు.

"పెళ్ళాన్నైనా వదులుతావేమో గానీ ఆ పాత పెట్టెను మాత్రం వదలవు!" అని కిటికీలోంచి కేకేసింది.

జవాబు రాలేదు. బార్బెక్యూ పెనం మీద ఉల్లిపాయలు చిటపటలాడుతున్నాయి, రేడియోలో క్రికెట్ మోగుతోంది, ఆ సందట్లో వినబడి ఉండదులెమ్మని మళ్ళీ కత్తి అందుకుంది. ఆస్ట్రేలియాలో జనవరి నడివేసవి, బ్రిస్బేన్లో ఎండ నెత్తిన నిప్పులు పోస్తుంది. వారం వారం కొడుకు కుటుంబం ఇక్కడే దిగుతుంది. పొద్దుటి నుంచీ పిల్లా పెద్దా పెరటి స్విమ్మింగ్ పూల్‌లోనే నానారు. ఇప్పుడే ఒళ్ళు తుడుచుకుని తిండికి సిద్ధమవుతున్నారు.

వాళ్ళొచ్చీ రాగానే జరిగే తంతు ఒకటుంది. పూల్ చుట్టూ మనిషి ఛాతీ ఎత్తు ఇనుప కంచె, దానికో గేటు. గేటు పక్క స్తంభం నెత్తిన నల్లటి గుబ్బ. దాన్ని పైకి లాగితేనే గేటు తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుని క్లిక్కుమంటుంది. చిన్నపిల్లలకు అందకూడదనే గుబ్బను అంత ఎత్తున పెడతారు. నోయెల్ తన చేతుల్తో బిగించిన కంచె అది. ఊరి కౌన్సిల్ నుంచి తనిఖీకొచ్చిన మనిషి మూలమూలా కొలిచి, "పదిళ్ళకు ఒకటి కూడా ఇంత పక్కాగా ఉండదయ్యా" అని మెచ్చుకుని పోయాడు. ఆ గేటు ముందు నోయెల్ మనవణ్ణి రెండు చేతులతో పైకెత్తి, "తప్పుకోండి తప్పుకోండి, గేటు బాసు గారొచ్చారు! బాసు గారూ, కాస్త తలుపు తెరిపిస్తారా?" అంటాడు. ఇంకా మూడేళ్ళు నిండని నెడ్ గుబ్బ పట్టి లాగుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. అందరికంటే గట్టిగా కొట్టేది గ్లెనిస్సే.

బీట్‌రూట్ పళ్ళెంలో సర్దుకుని ఆవిడ వరండాలోకి వచ్చేసరికి కోడలు టామ్సిన్ వెదురు కుర్చీలో కూర్చుని నెలల పిల్ల ఐవీకి పాలిస్తోంది. రెండో చేతిలో ఫోను. తీగ మీద తడి తువాళ్ళు వేలాడుతున్నాయి. పాలివ్వడానికి కూర్చునే ముందు టామ్సినే పూల్ దగ్గర పడి ఉన్నవాటిని తెచ్చి ఆరేసింది. రొట్టె తక్కువైందని కొడుకు గ్రాంట్ కొట్టుకు వెళ్ళాడు.

టామ్సిన్ తలెత్తింది. "నెడ్ మీ దగ్గరున్నాడా, గ్లెనిస్?"

"లేడే. నీ దగ్గర లేడూ?"

"మీ వెనకాలే లోపలికి వచ్చాడనుకున్నా."

"ఎక్కడో దాక్కుని ఉంటాడు వెధవ. దుప్పట్ల బీరువా చూస్తానుండు. మొన్న అందులో దూరి నిద్రపోయాడు."

బీరువా చూసింది. మంచం కింద వంగి చూసింది. స్నానాల గదిలో తెర పక్కకి లాగింది. "దొరికిపోయావు రా!" అని నవ్వుతూ మూడో గదిలోకి అడుగుపెట్టింది కూడా. ఆ నవ్వు ముఖమ్మీద ఉండగానే పెరట్లోంచి కోడలి గొంతు వినబడింది. అది పేరూ కాదు, మాటా కాదు.

గ్లెనిస్ పరుగెత్తుకొచ్చేసరికి ఐవీ నేల మీద చాప మీద ఉంది. టామ్సిన్ వేసుకున్న బట్టలతోనే నీళ్ళలో ఉంది. ఆమె చేతుల్లో నెడ్. వాడి నీలం చొక్కా నీళ్ళకు ఉబ్బి ఉంది. పెదాలదీ అదే రంగు.

నీళ్ళలో పడ్డ పిల్లాడు కేకలు పెడతాడనీ, చేతులు టపటపా కొట్టుకుంటాడనీ గ్లెనిస్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అనుకుంటూ వచ్చింది. బార్బెక్యూకీ పూల్‌కీ మధ్య పిలిస్తే పలికేంత దూరం. నోయెల్ అక్కడే నిలబడి సాసేజీలు తిప్పుతున్నాడు. చిన్న చప్పుడు కూడా కాలేదు.

టామ్సిన్ పిల్లాణ్ణి గట్టు మీద పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, వాడి నోట్లో ఊపిరి ఊదింది. ఛాతీ మీద నొక్కింది. మళ్ళీ ఊదింది. "అంబులెన్స్‌కి చెప్పండి!" అని అరిచి మళ్ళీ వంగింది. గ్లెనిస్ తువాళ్ళ తీగ పట్టుకుని నిలబడిపోయింది. నోయెల్ చేతిలో పట్టకారు, దానికి సాసేజీ, అలాగే కొయ్యబారిపోయాడు. రొట్టె సంచితో పక్క దారి నుంచి వచ్చిన గ్రాంటే ఫోన్ చేశాడు. ఇంటి నెంబరు చెప్పబోతే అతనికి గుర్తు రాలేదు, పుట్టి పెరిగిన ఇంటి నెంబరు.

నెడ్ దగ్గాడు. నోట్లోంచి నీళ్ళొచ్చాయి, తర్వాత సన్నగా ఏడుపు. ఆ ఏడుపు వినగానే గ్లెనిస్ చాప మీది పసిదాన్ని ఎత్తుకుని గుండెకదుముకుని, దానితో పాటు తనూ బావురుమంది.

అప్పుడు చూసింది గేటు వంక. సగం తెరుచుకుని ఉంది. మూసుకోకుండా దాని అంచుకు ఐస్‌పెట్టె అడ్డం ఉంది.

*

ఆసుపత్రి వరండాలో నలుగురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. కుర్చీలున్నా ఎవరూ కూర్చోలేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, పిల్లాడికి గండం గడిచినట్టేననీ, రెండు రోజులు ఉంచుకుని ఊపిరితిత్తులు చూస్తామనీ చెప్పింది. "ఆలస్యం చెయ్యకుండా ఊపిరి అందించింది ఎవరు? వాళ్ళే బతికించారు" అని కూడా అంది. ఆ మాట గాల్లో కలిసిపోయింది. టామ్సిన్ తడి బట్టల మీద ఎవరో నర్సు కప్పిన దుప్పటితో నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

గ్రాంట్ నేల చూస్తూ అడిగాడు. "గేటు ఎవరు తెరిచిపెట్టారు?"

"పెట్టె అడ్డం పెట్టి ఉందిరా" అన్నాడు నోయెల్. "డబ్బాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టేసి నేను దాన్ని కుళాయి దగ్గర వదిలా. గేటు దగ్గరికి ఎవరు తెచ్చారో నాకేం తెలుసు?"

ఎవరూ పేరెత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. చేతుల నిండా సామానున్నప్పుడు గేటుకు ఐస్‌పెట్టె అడ్డం పెట్టడం ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉన్న అలవాటే. వద్దని ప్రతివాళ్ళూ చెబుతారు, ప్రతివాళ్ళూ పెడతారు. ఆఖరున పూల్ దగ్గరికి వెళ్ళింది టామ్సిన్, చేతుల నిండా తువాళ్ళతో వచ్చింది టామ్సిన్.

"నేను పెట్టలేదు" అంది టామ్సిన్. "వెనకాల గేటు క్లిక్కుమనడం నేను విన్నాను, గ్రాంట్. విన్నాను."

"మరి ఆ పెట్టె కాళ్ళొచ్చి నడిచిందా?" అన్నాడు గ్రాంట్.

గ్లెనిస్‌కు అప్పటిదాకా లోపల గడ్డకట్టుకున్న భయం ఒక్కసారిగా కోపమై నోట్లోకి వచ్చింది. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది. "కన్నతల్లివి! ఆ ఫోన్లో ఏముందో గానీ పిల్లాడి కంటే ఎక్కువైంది నీకు. చేసిన తప్పు చేశానని ఒప్పుకోవడానికి కూడా నోరు రాదా?"

పక్కన పోతున్న నర్సు ఆగి చూసింది. టామ్సిన్ దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం నెడ్‌ను పంపించారు. గ్రాంట్ వాణ్ణి తిన్నగా తల్లిదండ్రుల ఇంటికి తీసుకొచ్చాడు. "కొన్నాళ్ళు మీ దగ్గరుంచుకోండమ్మా. ఇంటి దగ్గర ఆవిడ తేరుకునే దాకా. నాకు ఆఫీసులో కాలు నిలవట్లేదు."

"టామ్సిన్ ఏమంది?"

"ఏమంటుంది? మీ దగ్గరే క్షేమంగా ఉంటాడంది. తనను తను నమ్మలేకపోతోందట."

గ్లెనిస్‌కు ఆ మాట ఎక్కడో కలుక్కుమంది, కానీ పిల్లాడు మెడ చుట్టూ చేతులు వేసేసరికి ఆ కలుక్కు కాస్తా సర్దుకుంది. నోయెల్ ఆ సాయంత్రమే గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు. గొలుసు లాగి లాగి చూసి, "ఇంక చీమ కూడా దూరదు" అన్నాడు.

*

బుధవారం పొద్దున గ్లెనిస్ పెరట్లో, గాలికి గుండ్రంగా తిరిగే బట్టల స్టాండు దగ్గర నిలబడి దుప్పట్లు ఆరేస్తోంది. నెడ్ వరండాలో బొమ్మ లారీ తోసుకుంటున్నాడు. దుప్పటి అంచులు కలిపి, క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకుని, రెండో అంచు అందుకోబోతుంటే వినబడింది.

గరగరమని.

శనివారం చప్పుడే. అరిగిన చక్రాలు సిమెంటు మీద ఈడ్చిన చప్పుడు. "నోయెల్!" అనబోయింది. నోయెల్ ఇంట్లో లేడు, మందులు తేవడానికి వెళ్ళాడు. క్లిప్పు నోట్లోంచి జారిపోయింది. దుప్పటి పక్కకు తొలగించి చూసింది.

నెడ్ కుళాయి దగ్గరున్న ఐస్‌పెట్టె పిడి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాక్కెళుతున్నాడు. పిర్రలు వెనక్కి పెట్టి, నాలిక బయట పెట్టి, ఎంత శ్రద్ధగానో. స్తంభం పక్కన ఆపాడు. ఒక మోకాలు ఎక్కించాడు, రెండో మోకాలు, లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపితే గుబ్బ సరిగ్గా అందింది.

"తప్పుకోండి తప్పుకోండి" అన్నాడు, ముద్దు ముద్దుగా, గొంతు బొంగురు చేసుకుని. "గేటు బాసు గారొచ్చారు."

లాగాడు. గడి వీడింది. రెండో చేత్తో గేటు తన వైపుకు గుంజాడు. గొలుసు బిగిసి ఆగింది గానీ, ఆ లోపలే గేటు అంచు ఐస్‌పెట్టె మూల దాటి వచ్చి, వెనక్కి మూసుకోకుండా దానికే చిక్కుకుంది.

పిల్లాడు వెనక్కి తిరిగి నానమ్మను చూశాడు. ముఖం వెలిగిపోతోంది. చూస్తూ నిలబడ్డాడు, దేనికోసమో. ఆవిడ కదలకపోయేసరికి తనే గుర్తు చేశాడు.

"నానమ్మా, చప్పట్లు?"

గ్లెనిస్ ఒళ్ళు జలదరించింది. పట్టపగలు మండుటెండలో పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఎలా నడిచిందో, ఎప్పుడు చేరిందో, పిల్లాణ్ణి పెట్టె మీంచి లాగి చంకనేసుకుని ఇంట్లోకొచ్చి తలుపు గడియ పెట్టి, ఆ తలుపుకే ఆనుకుని నేల మీద చతికిలబడింది. వాడు ఏడుపు ముఖం పెట్టాడు. మెచ్చుకోవాల్సిన పనికి నానమ్మ ఎందుకిలా చేసిందో వాడికేం తెలుసు!

కాళ్ళొచ్చి నడిచిందా, అని అడిగాడు గ్రాంట్. నడిచింది. అది నడిచిన చప్పుడు తను చెవులారా విన్నది. విని, వేళాకోళమాడి, బీట్‌రూట్ తరిగింది.

*

నోయెల్ నమ్మలేదు. మందుల సంచి బల్ల మీద పెట్టి, నిలబడే ఉన్నాడు.

"శనివారం అందరూ చేసిన గొడవ చూసి నేర్చుకున్నాడేమో."

"నీ గొంతుతో అన్నాడు, నోయెల్. నీ మాటలు."

"పిల్లలు ఏవేవో అంటారు."

"గేటు మూసుకోకుండా పెట్టెకు తగిలి ఆగింది. శనివారం మనం చూసినట్టే. ఆ పిల్ల విన్నానంది కదా క్లిక్కుమనడం. మూసే వచ్చింది. మూసిన గేటును వీడు తెరిచాడు. తెరవడం నేర్పింది నువ్వు, చప్పట్లు కొట్టింది నేను."

నోయెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జీవితమంతా కాంక్రీటు పోసిన చేతులు, బల్ల మీద బోర్లా పెట్టుకుని వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు. పక్క గదిలో నెడ్ బిస్కట్టు నములుతున్న చప్పుడు వినబడుతోంది.

"పూడ్పించేస్తా" అన్నాడు చివరికి. "రేపే లారీ మట్టి తెప్పిస్తా. ఆ పూల్ వద్దు, గేటూ వద్దు. గడ్డి పరిచేద్దాం. పీడా పోతుంది."

"ఊఁ. పూడ్పించు. మరి టామ్సిన్‌కు ఏం చెబుదాం?"

అతను బల్ల మీది మందుల సంచి అటూ ఇటూ జరిపాడు.

"ఏం చెబుదాం, నోయెల్?"

"చెప్పి ఏం లాభం చెప్పు! పిల్లాడు బతికాడు. రేపో మాపో టామ్సినే మర్చిపోతుంది. ఇప్పుడు గ్రాంట్‌తో ఈ మాటంటే వాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాడా? మనవణ్ణి మన చేతికిస్తారా? నెడ్ నా ప్రాణమే, గ్లెన్."

కంచే చేను మేసిందంటే ఇదే కదా అనుకుంది గ్లెనిస్. కోపం కంటే జాలి ఎక్కువ కలిగింది, ఆ జాలిని చూసే భయం వేసింది. ఇంకో పూట ఇలా కూర్చుంటే తనూ సరేనంటుంది. పూల్ మీద గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి మీద కుర్చీలేసుకుని వారం వారం సాసేజీలు తింటారు. ఒక మూల ఆ పిల్ల తల దించుకుని కూర్చుంటుంది, జన్మంతా.

లేచి కారు తాళాలు తీసుకుంది.

"వాణ్ణి పెరటి తలుపు దాటనివ్వకు. చేతిలోంచి దించకు."

*

టామ్సిన్ తలుపు తీసింది. తల దువ్వుకోలేదు, చొక్కా మీద పాల మరకలు. అత్తను చూసి అడుగు వెనక్కి వేసింది.

"నెడ్‌కు ఏమైంది?"

"ఏం కాలేదు. బాగున్నాడు. లోపలికి రానిస్తావా?"

కూర్చున్నాక గ్లెనిస్ నోరు తెరవబోతే ముందు కోడలే మొదలుపెట్టింది. ఎన్నిసార్లు లోలోపల వల్లె వేసుకుందో, మాటలు గడగడా వచ్చేశాయి.

"మీరు రాకపోతే నేనే వద్దామనుకున్నా. నాకు గుర్తొచ్చింది, గ్లెనిస్. పెట్టె నేనే పెట్టాను. తువాళ్ళు జారిపోతుంటే కాలితో నెట్టి గేటుకు అడ్డం పెట్టాను. కాలికి చల్లగా తగిలింది కూడా, బాగా గుర్తుంది. అబద్ధమాడాలని కాదు, మొదట నిజంగానే గుర్తులేదు. గ్రాంట్‌కు నిన్న చెప్పాను. ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయాడు. మీరు అన్నది నిజమే. నాలాంటి దాని దగ్గర పిల్లలు..."

గ్లెనిస్ నిర్ఘాంతపోయింది. జరగని పని, చేయని పని, కాలికి చల్లగా తగిలిందట! అందరూ కలిసి ఒక మనిషికి లేని జ్ఞాపకాన్ని తెచ్చిపెట్టారు. పిల్లాణ్ణి నీళ్ళలో కోడలి చేతుల్లో చూసినప్పుడు కూడా ఆవిడ గుండె ఇలా ఆగలేదు.

"ఆపమ్మా" అంది. "ఆపు. నువ్వు పెట్టలేదు."

"పెట్టాను. నాకు—"

"పెట్టలేదు! నేను కళ్ళారా చూశాను ఇవాళ."

చెప్పింది. పెట్టె సంగతీ, చక్రాల చప్పుడూ, బొంగురు గొంతూ, చప్పట్లూ. ఒక్కటీ దాచలేదు. ఆసుపత్రి వరండాలో అన్న మాట దగ్గరికొచ్చేసరికి తల దించుకుంది. "ఆ నోరు పడిపోతే బాగుండేది. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

టామ్సిన్ విన్నంతసేపూ రెప్ప వేయలేదు. ఏడుస్తుందనుకుంది గ్లెనిస్. ఏడవలేదు. నెమ్మదిగా నిటారుగా కూర్చుంది.

"ఇప్పుడు నెడ్ ఎవరి దగ్గరున్నాడు?"

"నోయెల్ దగ్గర."

"ఆ ఇంట్లో. ఆయనతో."

లేచి ఐవీని తొట్టిలోంచి తీసుకుంది. చెప్పుల కోసం కూడా ఆగలేదు.

*

వాళ్ళు పక్క దారి నుంచి పెరట్లోకి వచ్చేసరికి నోయెల్ వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెడ్ ఒళ్ళో ఉన్నాడు, దిగిపోతానని గింజుకుంటున్నాడు. చెప్పినట్టే చేతిలోంచి దించలేదు. తల్లిని చూడగానే వాడు "అమ్మా!" అని దూకబోయాడు. టామ్సిన్ పసిదాన్ని అత్త చేతికిచ్చి వాణ్ణి అందుకుని, మెడ ఒంపులో ముఖం పెట్టి వాసన చూసుకుంది.

నోయెల్ లేచాడు. కోడలి ముఖం చూడటానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి చూడగలిగాడు.

"నేనే నేర్పానమ్మా" అన్నాడు. "నువ్వు కాదు. నేనే."

"నాకు కాదు" అంది టామ్సిన్. "నాకు గ్లెనిస్ చెప్పారు. గ్రాంట్‌కు చెప్పండి. ఈ సాయంత్రమే, నా ముందు."

"చెబుతాను."

"ఆ గొలుసు తియ్యండి."

నోయెల్ భార్య వంక చూశాడు. "ఎందుకమ్మా, ఇప్పుడు—"

"తియ్యండి."

తాళం తీశాడు. తాళంచెవి రెండుసార్లు జారింది. గొలుసు గలగలమని కింద పడింది. టామ్సిన్ నెడ్‌ను తెచ్చి వరండాలో వెదురు కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు నాన్నా" అని వెళ్ళింది. గ్లెనిస్ ఒక చేత్తో ఐవీని పట్టుకుని, రెండో చేత్తో వాడి చొక్కా వెనక గట్టిగా పట్టుకుంది.

టామ్సిన్ ఐస్‌పెట్టెను కాలితో ఒక్క తోపు తోసింది. అది గరగరమని దూరంగా పోయి గోడకు తగిలి ఆగింది. గుబ్బ లాగి గేటు తెరిచింది. లోపలికి వెళ్ళి, ఎవరూ లేని నీళ్ళ పక్కన వంగి, తువాళ్ళు పోగేసుకున్నట్టు చేతులు గుండెకదుముకుంది. అలాగే ఖాళీ చేతులు నింపుకుని మోచేత్తో గుబ్బ లేపి, భుజంతో గేటు తోసుకుని బయటికొచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

గేటు దానంతటదే మూసుకుంది. క్లిక్.

వరండా దాకా వినబడింది. నోయెల్ కళ్ళు మూసుకున్నాడు.

"విన్నారా?" అంది టామ్సిన్. "ఇదే నేను విన్నది."

కుర్చీలో నెడ్ హుషారుగా రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. అమ్మ గేటు బాసు అయింది కదా మరి. ఒక్కడే కొడుతూ, అందరూ ఎందుకు కొట్టడం లేదా అని ఒక్కొక్కరి ముఖమూ చూశాడు.

గ్లెనిస్ వంగి ఆ చిన్న చేతులు రెండూ తన చేతిలోకి తీసుకుంది.

"వద్దు నాన్నా" అంది. "దీనికి చప్పట్లు లేవు."